నేటాలు తోటలలో తెలుగు బోధకుడు: జాన్ రంగయ్య

క్రైస్తవ మిషనరీలను గూర్చి మన పత్రికలలో వెలువడిన వ్యాసములకు సామాన్యముగా ఒకటే దిక్కు. పడమటినుండి ఓడ వచ్చును. అందుండి దొర దిగును. అతడు తెలుగు నేర్చును, బడి పెట్టును, గ్రంథము లచ్చొత్తించును. తెలుగువాడు అందు శిష్యుడో, పండితుడో, దుబాసియో అయి కనబడునే కాని తానై బయలుదేరిన పథికుడుగా కనబడడు. ఈ దిక్కునకు ఎదురు సాగిన ప్రయాణ మొకటి కలదు. 1903వ సంవత్సరమున తెలుగు బాప్టిస్టులు తమలో ఒకనిని తమ ప్రతినిధిగా ఎన్నుకొని దక్షిణాఫ్రికా తీరమునందలి నేటాలు రాష్ట్రమునకు పంపిరి. అతడు నెల్లూరివాడగు జాన్ రంగయ్య. ఆయన చరిత్ర మతచరిత్రలో ఒక అధ్యాయము మాత్రమే కాదు. ప్రవాసాంధ్రుల భాషాచరిత్రలో గూడ ఒక ముఖ్యఘట్టము.

ఆ ప్రయాణమునకు పూర్వరంగము నెల్లూరు, ఒంగోలు సీమలలో జరిగినది. శామ్యూల్ డే అను అమెరికా బాప్టిస్టు 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. చాలకాలము ఫలితము స్వల్పమగుటచే ఈ మిషనును మూసివేయుదమా యని అమెరికాలో పలుమారులు చర్చించిరి. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడిన పిమ్మట పరిస్థితి మారెను. మాదిగ కులస్థుడగు ఎర్రగుంట్ల పేరయ్య వంటివారు మొదట ముందుకు వచ్చిరి. 1876-78 నాటి ఘోరక్షామమున క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలితో మలమల మాడుచున్న వారికి పని కల్పించెను. క్షామము తగ్గుముఖము పట్టిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఘటనమును పలువురు పలు విధములుగ వ్యాఖ్యానించిరి. అది అన్నమునకై జరిగిన మతాంతర మనువారును కలరు; అంటరానితనముచే వెలివేయబడినవారు ఒక గౌరవస్థానమును వెదకికొనుట యనువారును కలరు. రాయపూరు పరిసరముల నివసించువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1868లో ఆస్కార్ లోర్ అను జర్మను బోధకుడు ఛత్తీసుగఢమునకు వచ్చి బిశ్రాంపూరును నెలకొల్పినపుడు ఆయన చుట్టును చేరినవారిలో సత్నామీలు ముఖ్యులు. అయితే సత్నామీలు అంతకు పూర్వమే గురు ఘాసీదాసు బోధవలన కులభేదమును నిరసించినవారు. రెండు చోట్లను విదేశీయుడు వచ్చుటకు ముందే జనుల హృదయములలో మార్పునకై ఆరాటము కలదని యూహించుట సమంజసము. పేరయ్య వంటివారి పాత్రను మరచి కథనంతయు దొరకే ఆపాదించుట చరిత్ర కాజాలదు.

ఇట్లు తూర్పుతీరమున తెలుగు బాప్టిస్టు సంఘములు వర్ధిల్లుచుండగనే, ఆ తీరమునుండియే వేరొక ప్రవాహము సముద్రము దాటుచుండెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలతో డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు నేటాలునకు వచ్చిన భారతీయ కూలీల సంఖ్య 1,52,184. వీరిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవునుండి పయనమైనవారు. ఒప్పందము 5 సంవత్సరములు. మొదటి సంవత్సరమున నెలకు 10 షిల్లింగుల జీతము. ఏటేటా ఒక్కొక్క షిల్లింగు పెంపు. 1895 నాటి శాసనము ప్రకారము ఒప్పందము ముగిసిన పిదప స్వదేశమునకు మరలక, తిరిగి ఒప్పందమునకు కట్టుబడక, స్వేచ్ఛగా నిలువదలచినవారు సంవత్సరమునకు 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. అనగా నెలకు 10 షిల్లింగు లార్జించువాని ఆరు నెలల జీతము.

ఓడ పట్టికలలో ప్రతి కూలికిని ఒక సంఖ్య కలదు. దాని ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, దేహముపై గల పుట్టుమచ్చలు వ్రాయబడెడివి. భాష వ్రాయబడెడిది కాదు. మద్రాసు రేవున ఎక్కినవారందరు తమిళులైనను తెలుగువారైనను ‘మద్రాసీ’లే. విశాఖపట్టణమునుండి, గంజామునుండి, ఉత్తర ఆర్కాటునుండి, నెల్లూరునుండి వచ్చిన తెలుగువాడు ఆ పేరుక్రింద మరుగుపడిపోయెను. అట్లు మరుగుపడినవారిలో నెల్లూరు, ఒంగోలు సీమల బాప్టిస్టు కుటుంబములును కొన్ని యుండెను.

డర్బనునకు ఉత్తరముగా స్టేంగర్ ప్రాంతమున కేర్స్నీ అను తేయాకు తోట యుండెను. కాఫీ పంట తెగులుచే నష్టపడిన తరువాత 1877 ప్రాంతమున లీజ్ హ్యూలెట్ అను ఆంగ్లేయుడు అక్కడ తేయాకు సాగు చేయ నారంభించెను. ఆయన మెథడిస్టు శాఖకు చెందినవాడు. ఆ తోటలో పనిచేయుచుండిన తెలుగు బాప్టిస్టులు తమ భాషలో బోధించు కాపరి కావలెనని స్వదేశమునకు కబురంపిరి. ఈ కోరిక గమనింపదగినది. దగ్గరనే ఆంగ్లేయుల దేవాలయములు కలవు, తమిళ బోధకులును కలరు. అయినను వారు కోరినది తెలుగు బోధకుని. పగలంతయు పరభాషలో ఆజ్ఞలు విని పనిచేయువాడు ప్రార్థనయైనను తన భాషలో చేసికొనగోరెను.

ఆ పిలుపు నందుకొన్నది అమెరికా బోర్డు కాదు. తెలుగువారే స్థాపించుకొనిన తెలుగు బాప్టిస్టు స్వదేశ మిషనరీ సంఘము దాని నందుకొనెను. చందాలిచ్చినవారిలో అధికులు పేదలు. అట్టివారు సముద్రమునకు ఆవలనున్న తమవారికై ఒక బోధకుని పంపుటకు పూనుకొనుట సామాన్యవిషయము కాదు. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, ఆ 1903లోనే తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ స్వంత మిషనరీ సంఘమును స్థాపించుకొని, తరువాత దోర్నకల్లు ప్రాంతపు తెలుగువారిమధ్య పని ప్రారంభించిరి. తమిళులు తెలుగు నాటికిని, తెలుగువారు ఆఫ్రికాకును బోధకులను పంపిరి. పోషింపబడువారుగా మాత్రమే పరిగణింపబడిన భారతీయ క్రైస్తవులు తామే పోషకులగుట అప్పుడు ప్రారంభమైనది.

1866లో జన్మించిన రంగయ్య అప్పటికి నడివయస్కుడు. 1903 మధ్యభాగమున నేటాలు చేరి, ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన కేర్స్నీలో ప్రథమ తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించెను. బాప్టిస్టు మతపద్ధతి ఎరుగని పాఠకులకు ఇచట ఒక మాట చెప్పవలెను. ఈ శాఖలో శిశువులకు బాప్తిస్మము లేదు. తెలివి వచ్చినవాడు తానై విశ్వాసమును ప్రకటించి నీట మునుగవలెను. ప్రతి స్థానిక సంఘమును స్వతంత్రము. పైనుండి బిషప్పు ఆజ్ఞాపించడు. సభ్యులే కూడి చర్చించి, పెద్దల నెన్నుకొని, లెక్కలు చూచుకొందురు. ఒప్పందపు కూలికి ఈ పద్ధతి యొసగిన దేమో యోచింపుడు. తోటలో అతడొక సంఖ్య. అనుమతిపత్రము లేక గట్టు దాటరాదు. ఆదివారమున సంఘపు పట్టికలో అతనికొక పేరు కలదు, సభలో ఒక మాట కలదు. ఆ మాట తెలుగు మాట.

రంగయ్య తోటనుండి తోటకు తిరిగి తెలుగువారిని కలిసికొనెను. సంఘములు కేర్స్నీనుండి డర్బనునకును, స్టేంగర్, డార్నల్ మొదలగు చెరకుసీమలకును వ్యాపించెను. పెద్దలకు ఆరాధన, పిల్లలకు చదువు జంటగా సాగెను. ఈ పనికి కావలసిన తెలుగు గ్రంథములు అప్పటికే స్వదేశమున సిద్ధమై యుండెను. బాప్టిస్టు పండితుడగు విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణము ప్రకటించెను. 1818లో శ్రీరాంపూరు ముద్రాలయమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి మన కీర్తనల బాణీలోనే క్రైస్తవ గేయములు రచించి, ఆ మతమునకు తెలుగు గొంతు నిచ్చెను. గ్రంథము దగ్గర లేనిచోటగూడ కీర్తన నోటనుండును. ప్రవాసమున భాష నిలుచుటకు కీర్తన ఎంతటి ఆధారమో, భజనమందిరము చుట్టును చేరిన హిందూ ఆంధ్రులకును తెలిసిన విషయమే.

ఇచ్చట మరియొక సంగతి పోల్చదగినది. రంగయ్య నేటాలు చేరిన ఆ 1903 జూనులోనే డర్బనునుండి ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక వెలువడసాగెను. గాంధీజీ దానికి ప్రాణము పోసినవాడు. ఆ పత్రిక నాలుగు భాషలలో ప్రారంభమయ్యెను: ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళము. తెలుగు అందు లేదు. ఇది ఎవరిని నిందించుటకు చెప్పుట కాదు. తెలుగు చదువరులు అచట తక్కువ, వర్తకులు అంతకంటె తక్కువ. కాని పత్రికలో చోటు దొరకని భాషకు ఆరాధనామందిరములే ఆశ్రయమయ్యెను. 1913 నాటి సమ్మెలో తోటలనుండి వెడలి వచ్చిన కూలీలలో తెలుగువారును కలరు. 1914లో 3 పౌనుల పన్ను రద్దయినది. ఆ పోరాటచరిత్రలో వారి పేర్లు అంతగా వినబడకుండుటకు ఈ భాషామౌనము గూడ ఒక కారణమై యుండవచ్చును.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వేయిమందికి పైగా ప్రతినిధులు కూడిన ఆ సభలో ఆసియా ఖండీయులు అతిస్వల్పసంఖ్యాకులు. ఆ స్వల్పసంఖ్యలో జాన్ రంగయ్య ఒకడు. తరువాత దోర్నకల్లు బిషప్పు అయిన అజరయ్య ఆ సభలోనే, తమకు దాతలు కాదు, స్నేహితులు కావలెనను భావమును నిర్మొగమాటముగా వెల్లడించి సభ్యులను కలతపెట్టెను. ఆ మాట అనకయే రంగయ్య దానికి ఉదాహరణమై అచట కూర్చుండెను.

ఆయన సేవను ఉన్నదున్నట్లు చూడవలెను. తోటలో అడుగిడుటకు యజమాని అనుమతి కావలెను. కావున తోటవారి బాధలను గూర్చి బోధకుడు ఎంత పలుకగలడను సందేహము సహజమే. సంఘములో ఐకమత్యమును చిరకాలము నిలువలేదు. భారతదేశమునుండి తరువాత వచ్చిన వి. సి. జేకబునకును రంగయ్యకును భేదాభిప్రాయములు కలిగి, బాప్టిస్టు సమాజము రెండు పాయలుగా చీలెను. స్వతంత్రసంఘపద్ధతిలో గల బలమును, బలహీనతయు ఇదియే. 1915 డిసెంబరులో రంగయ్య కన్నుమూసెను. అనంతరకాలమున ఆయన కుమారుడు టి. ఎం. రంగయ్య ఆ కాపరిత్వమును కొనసాగించెను.

ఒప్పందపు వలసలు 1911లో ఆగిపోయెను. క్రొత్తగా తెలుగునాటినుండి వచ్చువారు లేకపోయిరి. తేయాకు తోటలు చెరకుతోటలకు స్థానమిచ్చెను. పిల్లల చదువు ఇంగ్లీషులోనికి మారెను. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడి తెలుగు పాఠశాలలకై పాటుపడినను, ఇంటిలో తెలుగు మాటలాడువారి సంఖ్య తరము తరమునకు తగ్గెను. బాప్టిస్టు మందిరములలోను ఆరాధన క్రమముగా ఇంగ్లీషులో సాగసాగెను. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగము, ఆదరింపదగిన భాషల పట్టికలో తెలుగును పేర్కొన్నది. అయితే అందలి వర్ణక్రమము ‘తెలెగు’ అని యున్నది. చట్టమున పేరు చేరునాటికి నోటనుండి భాష చాలవరకు జారిపోయినది.

ఆంధ్రదేశమునకు వెలుపల నివసించు రచయితలకు ఇందు తెలిసికొనదగిన దేమి? రాయపూరు విజయనగరముతో 1931లో రైలుమార్గముచే కలిసినది. ఇచ్చటి తెలుగు కుటుంబములకు సముద్రము అడ్డములేదు, బంధువుల రాకపోకలు కలవు. అయినను పిల్లల చదువు హిందీలోను, ఇంగ్లీషులోను సాగుచుండగా తెలుగు పండుగనాటి భాష యగుచున్నది. నేటాలు తెలుగువారికి మనకున్న సౌకర్యములలో పదవవంతైనను లేదు. వారికి తోడ్పడినవి రెండు: వారమునకొకమారు కూడు స్థలము, అందరును కలసి పాడు పాట. ఆ రెండును తెలుగులో నడచినంతకాలము భాష నిలిచెను.

మన ప్రవాసాంధ్ర సాహిత్యచరిత్రలలో ఈ వృత్తాంతమునకు తగిన స్థానము లభింపలేదు. క్రైస్తవుల చరిత్ర క్రైస్తవులకనియు, కూలీల చరిత్ర రాజకీయచరిత్రకారులకనియు పంచి యిచ్చితిమి. భాషాచరిత్రకు మిగిలినది శూన్యము. నెల్లూరు మిషను వార్షికనివేదికలు, సంఘముల తీర్మానములు, ప్రవాసులు ఇండ్లకు వ్రాసిన ఉత్తరములు, వృద్ధుల నోట నిలిచిన కీర్తనపాఠములు సాహిత్యపరిశోధకుని దృష్టికి రావలసిన సామగ్రి. వీనిలో కీర్తనపాఠములు అన్నిటికంటె ముందు నశించునవి. కావున మొదట వానిని సంగ్రహింపవలెను.