నలభై దాటాక నేర్చిన ఈత

గోలి శ్యామల గారిది సామర్లకోట, స్థిరపడింది హైదరాబాదులో. 2021 మార్చిలో ఆమె శ్రీలంక తీరం నుండి ధనుష్కోటి వైపు, సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. శిక్షణనిచ్చిన ఐపీఎస్ అధికారి రాజీవ్ త్రివేది గారు 2012లోనే ఆ జలసంధిని దాటినవారు. ఇలాంటి ఈతలో పడవ పక్కనే వస్తుంది, ఆహారం అందిస్తుంది. దాన్ని పట్టుకుంటే మాత్రం ఆ ఈత లెక్కలోకి రాదు. తరువాత ఆమె విశాఖ నుండి కాకినాడకు, రోజుకు కొంత చొప్పున, 150 కిలోమీటర్లు ఈదారు.

మేము ఆగిపోయింది ఆమె ఈత మొదలుపెట్టిన వయసు దగ్గర. నలభై దాటాక!

కల్హేర్ ప్రాంతంలో నల్లవాగు ఉంది, చెరువులు, వ్యవసాయ బావులు ఉన్నాయి. మగపిల్లలు వాటిలోనే ఈత నేర్చుకుంటారు. ఆడపిల్లను గట్టు మీదే ఆపుతాం. "ఎదిగిన పిల్లకు ఈతెందుకు?" అనే మాట విశ్వాసుల ఇళ్లలోనూ వింటున్నాం. బట్టలుతకడానికి అదే నీటి అంచుకు పంపేదీ ఆ పిల్లనే.

అపొస్తలుల కార్యములు 27లో ఓడ బద్దలవుతుంటే శతాధిపతి ఈత వచ్చినవారిని ముందు దూకమన్నాడు. రానివారికి పలకలు దొరికాయి. బావిలో పడిన పిల్లకు ఏ పలక దొరుకుతుంది? ఈ వేసవి వి.బి.ఎస్.తో పాటు, ఈత తెలిసిన స్త్రీల పర్యవేక్షణలో ఆడపిల్లలకు ఈత నేర్పించమని సంఘ పెద్దలను కోరుతున్నాం.