వాయిదా ఖరీదు: అపోహలు – వాస్తవాలు

కోర్టుల్లో ఆలస్యం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేవి వేసవి సెలవులు. తెల్లదొరల కాలం నాటి సెలవుల్ని ఇంకా పట్టుకు వేలాడుతున్నారనీ, వాటిని రద్దు చేస్తే పేరుకున్న కేసులన్నీ కదులుతాయనీ ఒక గట్టి నమ్మకం. సుప్రీంకోర్టు విషయంలో ఈ మాటలో కొంత నిజముంది. 2018-19 ఆర్థిక సర్వే లెక్కలో ఆ కోర్టు పనిదినాలు ఏడాదికి 190 మాత్రమే. కానీ అదే సర్వే జిల్లా కోర్టులకూ వాటి కింది కోర్టులకూ చూపిన సగటు 244 రోజులు. వారానికి అయిదు రోజులు పనిచేసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయమూ ఇంచుమించు అన్ని రోజులే తెరిచి ఉంటుంది. పెండింగు కేసుల్లో 87 శాతానికి పైగా ఈ కింది కోర్టుల్లోనే ఉన్నాయని కూడా ఆ సర్వే చెప్పింది. కాబట్టి మున్సిఫు కోర్టు మెట్లెక్కే మనిషికి జరుగుతున్న నష్టానికి క్యాలెండరులోని ఎర్ర అంకెలు కారణం కావు. ముందే ప్రకటించిన సెలవు రోజున ఎవరి కేసూ ఉండదు. ఎవరూ బస్సెక్కరు, ఎవరూ కూలి పోగొట్టుకోరు. ఖర్చంతా నల్ల అంకెల్లో ఉంది. పనిదినమని నమ్మి జనం వచ్చాక పని జరగని రోజుల్లో ఉంది.

అలాంటి రోజులు ఎన్ని? 2017 మార్చిలో లా కమిషన్ తన 266వ నివేదికలో న్యాయవాదుల బహిష్కరణల వల్ల పోయిన రోజులను లెక్కగట్టింది. 2012 నుంచి 2016 వరకు అయిదేళ్లలో డెహ్రాడూన్ జిల్లాలో 455 రోజులు, హరిద్వార్‌లో 515 రోజులు పోయాయి. అంటే హరిద్వార్‌లో ఏడాదికి 103 రోజులు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో 2011 నుంచి 2016 వరకు 791 రోజులు. అక్కడ కింది కోర్టులు ఏడాదికి 265 రోజులు పనిచేయాలి కనుక, సుమారు సగం కాలం కోర్టు పేరుకే నడిచిందన్నమాట. ఇది హిందీ రాష్ట్రాల జబ్బని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తమిళనాడు కాంచీపురం జిల్లాలో అదే ఆరేళ్లలో పోయినవి 687 రోజులు. మన దగ్గర 2016 జూన్‌లో తెలంగాణలో న్యాయాధికారుల కేటాయింపు వివాదం ముదిరి న్యాయవాదులు విధులు బహిష్కరించారు. జడ్జీలే సామూహిక సెలవు పెట్టారు. 2023 చివర, 2024 మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో భూయాజమాన్య హక్కుల చట్టాన్ని వ్యతిరేకిస్తూ న్యాయవాదులు వారాల తరబడి విధులకు దూరంగా ఉన్నారు.

‘ఒక్క రోజే కదా, ఓ శనివారం కూర్చుంటే సర్దుకుపోతుంది’ అనేది ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద అపోహ. కోర్టు రోజు ఫ్యాక్టరీ షిఫ్టు లాంటిది కాదు. ఈ రోజు జాబితాలో యాభై కేసులున్నాయనుకుందాం. అవి రేపటి జాబితాలో పట్టవు, ఎందుకంటే రేపటికి వేరే యాభై ముందే ఉన్నాయి. అందుకని ఒక్క రోజు పోతే ఒక్కో కేసు నెలకో, రెండు నెలలకో జరుగుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌కు పొరుగూరి నుంచి వచ్చిన సాక్షి తిరిగి వెళ్లిపోతాడు. మరుసటి వాయిదాకు అతను రాకపోవచ్చు, వచ్చినా ఆనాడు జడ్జి బదిలీ అయి ఇన్‌చార్జి ఉండవచ్చు. క్రిమినల్ కేసులో బెయిలు దొరకని ముద్దాయికైతే ఆ నెలంతా జైల్లోనే గడుస్తుంది. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్లలో ఇంటికి సంపాదించి పెట్టేవాళ్లు ఎందరో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

ఇక కోర్టు ఖర్చంటే స్టాంపు రుసుము, వకీలు ఫీజు అనుకోవడం మరో పొరపాటు. బెంగళూరుకు చెందిన ‘దక్ష్’ సంస్థ 2016లో ప్రచురించిన సర్వేలో సివిల్ కక్షిదారుకు ఒక్కో వాయిదాకు రానుపోను, తిండి వగైరా ఖర్చులు సగటున 497 రూపాయలని తేలింది. ఆ రోజు పని మానుకున్నందుకు పోయే సంపాదన 844 రూపాయలు. పోయిన సంపాదన పెట్టిన ఖర్చు కన్నా ఎక్కువని గమనించాలి. రెండూ కలిపితే 1,341. పైన అనుకున్న యాభై కేసుల్లో, వకీలు మీద వదిలేసి రానివాళ్లను తీసేసి, కేసుకు ఒక్కరే వచ్చారనుకున్నా ఒక కోర్టు హాలులో ఒక రోజు వృథా అయితే 67 వేల రూపాయలు గాలికి పోయినట్టే. అదీ 2016 ధరల్లో. కోర్టు హాజరు వల్ల దేశం మొత్తం మీద పోయే పని విలువ స్థూల దేశీయోత్పత్తిలో 0.48 శాతమని ఆ సర్వే అంచనా వేసింది. సర్వే అంచనాలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు. సగానికి సగం తగ్గించి చూసినా అది చిన్న మొత్తం కాదు. అయినా ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు. భరించేది ఖజానా కాకపోవడమే కారణం.

ఆలస్యం ఇరుపక్షాలనూ సమానంగా నష్టపెడుతుందన్న మాట వినడానికి బాగుంటుంది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత కూడా ఈ అభిప్రాయానికి బలం చేకూర్చింది. వాస్తవంలో ఆలస్యం వల్ల ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి డబ్బు మారుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ప్రకారం, వ్యాపార లావాదేవీ కాని బాకీ మీద డిక్రీ తేదీ నుంచి కోర్టు ఇవ్వగల వడ్డీ ఏడాదికి ఆరు శాతం మించదు. ఊళ్లో చేబదులు వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. అయిదు లక్షల డిక్రీ పడిన బాకీదారు ఏడాది ఆగితే అదనంగా కట్టాల్సింది 30 వేలు. అదే సొమ్ము బయట తెచ్చుకోవాలంటే లక్షా ఇరవై వేలు. ఒక్క ఏడాది సాగదీస్తే 90 వేలు మిగులు. ఇంత లాభసాటిగా ఉంటే వాయిదాలు అడగకుండా ఎవరుంటారు? స్థలం దావా అయితే ఈలోగా అద్దె తినేది స్వాధీనంలో ఉన్నవాడే. డిక్రీ వచ్చాక అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయాలి, అక్కడ మళ్లీ మొదటి నుంచీ వాయిదాలు. దేశంలో ఇలాంటి ఎగ్జిక్యూషన్ పిటిషన్లు 8.82 లక్షలకు పైగా పెండింగులో ఉన్నట్టు 2025లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్కలు చెప్పాయి. ఎదుటివాడి అబద్ధపు వాదన వల్ల నష్టపోతే పరిహారమూ ఉంది, అదే కోడ్ 35ఏ సెక్షన్ కింద. గరిష్ఠంగా మూడు వేల రూపాయలు! పైన చెప్పిన లెక్కతో మూడు వాయిదాల దారి ఖర్చులకు, పోయిన కూలికి కూడా చాలదు.

కోర్టు గుమ్మం తొక్కనివాళ్లకు ఇందులో పోయేదేమీ లేదనుకోవడమూ తప్పే. 1993 చట్టంతో బ్యాంకుల కోసం బాకీల వసూలు ట్రిబ్యునళ్లు పెట్టాక ఏం జరిగిందో ఆర్థికవేత్త సుజాత విసారియా పరిశీలించారు. వాయిదా తప్పే బాకీలు 28 శాతం తగ్గాయి, పెద్ద రుణాల మీద వడ్డీ రేటు 1.4 నుంచి 2 శాతం పాయింట్ల వరకు దిగింది. వసూలు ఎంత వేగంగా అవుతుందో చూసుకునే అప్పిచ్చేవాడు వడ్డీ నిర్ణయిస్తాడు. ఆ వడ్డీ కోర్టు మొహం చూడని నిజాయితీపరుడు కూడా కడుతున్నాడు.

దీనికి అభ్యంతరాలున్నాయి. బహిష్కరణ తప్ప న్యాయవాదుల చేతిలో ఆయుధమేముందని అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ చట్టం భూమి హక్కుల వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించింది. దాన్ని వ్యతిరేకించడం సబబే, 2024లో ఆ చట్టం రద్దయింది కూడా. అయితే కోరిక న్యాయమైనంత మాత్రాన దాని బిల్లు మూడో మనిషి కట్టాలనడం న్యాయం కాదు. న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని 2002లో హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బార్ గౌరవానికి, స్వతంత్రతకు ముప్పు వచ్చిన అత్యంత అరుదైన సందర్భంలో ఒక్క రోజు నిరసనను ఉపేక్షించవచ్చని మినహాయింపు ఇస్తూ, చేతికి పట్టీలు కట్టుకోవడం, కోర్టు బయట ధర్నాలు, రిలే దీక్షలు లాంటి దారులూ చూపించింది. మొత్తం తప్పు న్యాయవాదులదే అనడం కూడా అన్యాయం. సమన్లు అందవు, పోలీసులు ముద్దాయిని తీసుకురారు, ప్రభుత్వ శాఖలు కౌంటరు వేయవు. పైగా జడ్జీ పోస్టులు ఖాళీ. కింది కోర్టుల్లో అదనంగా 2,279 మంది జడ్జీలుంటే, ఏ ఏడాది ఎన్ని కేసులు వస్తాయో ఆ ఏడాది అన్ని కేసులు తేలతాయని ఆర్థిక సర్వే లెక్క వేసింది. అవి మంజూరైన పోస్టుల్లో భాగమే, కొత్తవి సృష్టించనక్కర్లేదు. జడ్జీల జీతాలు భారమనేవాళ్లు వాటిని ఆ 0.48 శాతం పక్కన పెట్టి చూడాలి. తొందరపడితే న్యాయం దెబ్బతింటుందన్న భయానికీ అర్థముంది, కానీ జడ్జి ఆలోచనకు పట్టే సమయాన్ని ఎవరూ తగ్గించమనడం లేదు. కేసు పిలవకుండానే గడిచిన రోజుల్లో ఎవరూ ఆలోచించలేదు.

చట్టం కక్షిదారును పూర్తిగా నిస్సహాయుణ్ని చేయలేదు. విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ అంటుంది. సుప్రీంకోర్టు దీన్ని కొంత సడలించి చదివినా నియమం అలాగే ఉంది. ఎదుటి పక్షం సాగదీస్తే ఆ రోజు హాజరైనందుకు అయిన ఖర్చు వాళ్ల చేత కట్టించే అధికారం 35బి సెక్షన్ కోర్టుకిచ్చింది. ఆ సొమ్ము కట్టకపోతే దావాగానీ వాదనగానీ ముందుకు సాగదు. ఈసారి అవతలివాళ్లు వాయిదా కోరినప్పుడు, మీ దారి ఖర్చూ పోయిన కూలీ లెక్క కాగితం మీద రాసి మీ వకీలు చేతికివ్వండి. ఆ సెక్షన్ కింద ఖర్చులు అడగమనండి.