పికప్ తొట్టి మీద మడత గుడారం

పికప్ బండి వెనక సరుకుల తొట్టి మీద బిగించే గట్టి కప్పును కానపీ అంటారు. ఫైబర్‌గ్లాస్‌తోనో, ఉక్కు, అల్యూమినియం రేకులతోనో దాన్ని తయారుచేస్తారు. ఆ కప్పులోనే టెంటును ఇమిడ్చితే, బండి ఆగిన చోటే పడక సిద్ధమవుతుంది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అమెరికాల్లో ఇవి బాగా వాడుకలో ఉన్నాయి. కారు పైకప్పు మీద టెంటు వేసుకోవడం మాత్రం పాత పద్ధతే. అలాంటి టెంట్లు తయారుచేసే, ఇటలీకి చెందిన ఆటోహోమ్ సంస్థ చరిత్ర 1958 నుంచి మొదలవుతుంది.

నాలుగు తలుపుల పికప్‌లో తొట్టి పొడవు అయిదడుగులకు కాస్త అటూ ఇటూ. ఎదిగిన మనిషి అందులో కాళ్లు చాపుకోలేడు. అందుకే పడకను తొట్టిలో కాకుండా పైన అమరుస్తారు. ఒక రకంలో కానపీ మూతకు ముందువైపు కీలు ఉంటుంది. వెనక గడియ విప్పి నెడితే గ్యాస్ కడ్డీలు మూతను ఏటవాలుగా లేపుతాయి, పక్కల మడిచిన కాన్వాస్ గోడలు సాగి నిలబడతాయి. పరుపు డ్రైవర్ క్యాబిన్ మీదికి కూడా సాగుతుంది కాబట్టి ఆరడుగుల చోటు దొరుకుతుంది. పరుపు కింది పలకను పైకెత్తితే తొట్టిలో నిలబడి బట్టలు మార్చుకోవచ్చు. ఇంకో రకంలో పలక పుస్తకంలా తెరుచుకుని సగభాగం బండి బయటికి వస్తుంది. ఆ సగానికి ఎక్కే నిచ్చెనే ఆసరా. అది గట్టి నేల మీద సరిగా ఆనకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు.

మన దేశంలో పికప్‌ను సొంత బండిగా కొనేవాళ్లు తక్కువ. అలా కొనే బండ్లలో ప్రధానమైనవి ఇసుజు వి-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్. వి-క్రాస్ తయారయ్యేది ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోనే. ఆ కర్మాగారం 2016లో మొదలైంది.

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్ లాంటి చోట సమస్య ఇంటి ముందే మొదలవుతుంది. బండి పొడవు దాదాపు 5.3 మీటర్లు. ఆ ఇరుకు సందుల్లో దాన్ని తిప్పడమే కష్టం. కానపీతో ఎత్తు పెరిగితే బేస్‌మెంట్ పార్కింగ్‌లు చాలావాటిలో పట్టదు. కావలసినప్పుడు తీసి పక్కన పెడదామంటే అంత బరువును దించడానికి నలుగురు మనుషులు, దాచడానికి ఓ షెడ్డు కావాలి. అపార్ట్‌మెంట్ జీవితానికి ఇది అంత తేలిగ్గా సరిపడదు.

కొనేముందు అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది బరువు. కానపీ, టెంటు, నీళ్లు, పొయ్యి, మనుషులు అన్నీ కలిపి బండి మోయగల పరిమితి దాటకూడదు. కదిలే బండి మీద కప్పు మోయగలిగేది తక్కువ, నిలిపిన బండి మీద ఎక్కువ. తయారీదారు ఈ రెండు అంకెలనూ విడిగా ఇస్తాడు. బరువు పైకి చేరినకొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది. మనాలీ నుంచి లేహ్ వెళ్లే ఘాట్ రోడ్డులో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

స్పితి, లదాఖ్‌ల చలిలో మరో చిక్కుంది. లోపలి ఊపిరి తేమ చల్లటి లోహపు మూతకు పట్టి, తెల్లవారేసరికి చుక్కలుగా పరుపు మీద పడుతుంది. రెండువైపులా కిటికీలు కొద్దిగా తెరిచి పడుకుంటే ఇది తగ్గుతుంది. చలిగా ఉందని లోపల పొయ్యి వెలిగించడం మాత్రం ప్రాణాంతకం: కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు అది చేరిందని తెలియదు. తిరిగొచ్చాక తడిసిన కాన్వాస్‌ను ఎండలో ఆరబెట్టకుండా మూసేస్తే బూజు పట్టి గుడ్డ పాడవుతుంది.

చట్టం సంగతీ ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి కానపీ బిగించే ముందే రవాణా కార్యాలయంలో, బీమా సంస్థలో అడిగి, వాళ్ల జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.