పదవ ఆటనాటి తీర్పు

ఉగాదినాడు మన యిండ్లలో పంచాంగ శ్రవణము జరుగును. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని వినుటకు పెద్దలు చెవియొగ్గి కూర్చుందురు. సంవత్సరమంతయు ముందున్నను దాని ఫలమును మొదటి దినముననే తెలిసికొనవలెనను కోరిక మానవునకు సహజమైనది. ఇంచుమించుగా ఆ దినములలోనే, తిరుపతి జిల్లా దక్షిణపుటంచున, తమిళనాడు సరిహద్దు నానుకొనియున్న శ్రీసిటీలో మఱియొక విధమైన పంచాంగ పఠనము సాగుచుండును. చదువువారు జపాను దేశపు ఇంజనీర్లు. చదువబడునది బేస్‌బాల్ జట్ల జయాపజయముల పట్టిక.

సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతపు పల్లెల నడుమ 2008లో ఆరంభమైన ఈ పారిశ్రామిక నగరమును మన పాఠకులలో అనేకులు చూచియే యుందురు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడువఱకు ఇది చిత్తూరు జిల్లాలోని భూమి. ఇచ్చట ఇసుజు సంస్థ 2016లో వాహనముల కర్మాగారమును, దైకిన్ సంస్థ 2023లో గదులను చల్లబఱచు యంత్రముల కర్మాగారమును తెఱచినవి. భూమిని త్రవ్వు భారీ యంత్రములను కోబెల్కో సంస్థ తయారు చేయుచున్నది. ఇసుజుకు ప్రధాన స్థానము యోకోహామా, దైకిన్‌కు ఒసాకా, కోబెల్కో మాతృసంస్థ పుట్టినది కోబె నగరమున. యోకోహామా నగరమునకు బేస్టార్స్ అను జట్టు కలదు. ఒసాకా, కోబె ప్రాంతముల జనులకు హన్షిన్ టైగర్స్ అనిన ప్రాణము. యంత్రములతోపాటు అభిమానములును సముద్రము దాటి వచ్చును గదా!

నా పూర్వ విద్యార్థి యొకడు అచ్చటి కర్మాగారములలో నొకదానియందు సూపర్‌వైజరుగా నున్నాడు. వేసవిలో ఇంటికి వచ్చినపుడెల్ల నన్ను చూడక పోడు. ఈ సంగతులన్నియు అతడు చెప్పినవే.

“ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండున్నరకి మా పెద్దసారు చెయ్యి జేబులో ఫోను మీదికే పోతుంది అయ్యవారూ!” అని నవ్వినాడు.

జపానులో గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు నడచును. అచ్చట సాయంకాలము ఆఱు గంటలకు ఆట మొదలైనచో ఇచ్చట రెండున్నర. మఱునాడు భోజనశాలలో యోకోహామావారును, ఒసాకావారును ఎదురెదురుగా కూర్చుందురట. “పదింట ఏడు ఓడినాము, ఈ సంవత్సరము ఆశ వదలుకొనవలసినదే” అని యొకరు నిట్టూర్చుట. “పదియే గదా” అని మఱియొకరు ఊఱడించుట. ఈ సంభాషణ ప్రతి వసంతమునను జరుగుననియు, ప్రతిసారియు సరికొత్తగానే యుండుననియు అతడు చెప్పినాడు.

ఈ ఆట జపానునకు చేరుటకు కారకుడు ఒక ఉపాధ్యాయుడే యని తెలిసినచో మన సోదరోపాధ్యాయులు సంతసింతురు. 1872లో టోక్యోలోని యొక విద్యాలయమున పాఠములు చెప్పుచుండిన హోరేస్ విల్సన్ అను అమెరికా దేశీయుడు తన శిష్యులకు దీనిని నేర్పెను. జపానువారు దీనిని యాక్యూ అందురు. మైదానపు బంతి యని దాని యర్థము. జట్టునకు తొమ్మండుగురు, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. ముగ్గురు ఔటైనంతనే ఒక జట్టు వంతు ముగియును. గుండ్రని కఱ్ఱతో గుండ్రని బంతిని కొట్టవలసిన ఆట యగుటచే, వెండ్రుకవాసి భేదముతో బంతి ఆకాశమునకు లేచుటయు, నేలపై దొర్లుటయు సంభవించును. కనుకనే ఈ ఆటలో అదృష్టమునకు వాటా హెచ్చు. సాధారణముగా అగ్రస్థానమున నిలుచు జట్టుకూడ పదింట నాలుగు ఓడుచుండును. అట్టడుగు జట్టును పదింట నాలుగు గెలుచుచునే యుండును. ఈ స్వల్ప భేదము బయటపడుటకే అంత సుదీర్ఘమైన సీజను అవసరమైనది. జపానులో రెండు లీగులలోని పన్నెండు జట్లును ఒక్కొక్కటి 143 ఆటలాడును. అమెరికాలో ముప్పది జట్లు. ఒక్కొక్క జట్టునకు 162 ఆటలు.

పది ఆటల ఫలితమును నమ్మవచ్చునా? తరగతిలో బాలురచే దీనిని పరీక్షింపవచ్చును. ఒక నాణెమును పదిసార్లు ఎగురవేయుడు. బొమ్మ పడిన గెలుపు, బొరుసు పడిన ఓటమి. మూడుగాని అంతకు తక్కువగాని బొమ్మలు పడు అవకాశము 1024లో 176, అనగా నూటికి పదునేడు. జపానులోని పన్నెండు జట్లును సరిసమానమైన బలము కలవే యనుకొన్నను, మొదటి పది ఆటలు ముగియుసరికి ఇంచుమించు రెండు జట్లు మూడు గెలుపులలోపుననే యుండును. ఆ జట్ల అభిమానులు శిక్షకుని నిందింతురు, ఆటగాండ్రను మార్చుమందురు. కాని అచ్చట జరిగినది నాణెము బొరుసుగా పడుట మాత్రమే కావచ్చును.

ఈ గణితమునకు చరిత్ర తోడు నిలుచుచున్నది. 2022లో హన్షిన్ జట్టు సీజను మొదటి తొమ్మిది ఆటలును వరుసగా ఓడినది. ఆ పరాజయ పరంపర వారి లీగులో ఎన్నడును లేనిది. అయినను ఆ సంవత్సరాంతమున 68 గెలుపులు, 71 ఓటములు, 4 సమములతో మూడవ స్థానమునకు వచ్చి నిలిచినది. మఱుసటి సంవత్సరమే, 1985 తరువాత మొదటిసారిగా, జపాను విజేత యైనది. 2024లో యోకోహామా జట్టు 143 ఆటలలో 71 మాత్రమే గెలిచి, లీగులో మూడవదిగా నిలిచియు, తుది పోరాటములలో అందఱను దాటి విజేత యైనది. అమెరికాలో వాషింగ్టన్ నేషనల్స్ 2019లో మొదటి యేబది ఆటలలో 31 ఓడి, అదే సంవత్సరము దేశ విజేతగా నిలిచినది. దీనికి విపరీతమును కలదు. 1987లో మిల్వాకీ బ్రూవర్స్ మొదటి పదుమూడు ఆటలును గెలిచినది. నగరమంతయు ఉత్సవము చేసికొన్నది. మే మాసమున అదే జట్టు వరుసగా పండ్రెండు ఓడి, తుదకు తన విభాగమున మూడవ స్థానముతో తృప్తి పడవలసివచ్చెను.

క్రికెట్టే యెఱిగిన మన బాలురకు ఐ.పి.ఎల్. ఉదాహరణము చాలును. 2015లో ముంబయి ఇండియన్స్ మొదటి నాలుగు ఆటలును ఓడినది. లీగులో జట్టునకు ఆటలే పదునాలుగు. అందు నాలుగు పోయినవి. అయినను ఆ యేటి విజేత ఆ జట్టే.

అట్లని తొలి ఫలితములన్నియు వ్యర్థములని చెప్పుట సత్యము కాదు. 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ మొదటి ఇరువదియొక్క ఆటలు ఓడినది; సంవత్సరాంతమున 107 ఓటములతో అడుగుననే యుండెను. అయితే ఆ జట్టు అంతకు ముందటి యేడును 95 ఆటలు ఓడినదే. పాత రోగమునకు కొత్త లక్షణము తోడైనపుడు నమ్మవచ్చును. వివేకము గల అభిమాని గెలుపోటముల పట్టికతో ఆగిపోడు. బంతి విసరువాని వేగము తగ్గినదా? కొట్టువాడు బంతిని అసలే తాకలేకపోవుట హెచ్చినదా? ఇట్టివి తక్కువ ఆటలలోనే కొంత నిజము చెప్పును. కొట్టువాని సగటు మాత్రము తొందరపడి చెప్పదు. నలువది అవకాశములలో పండ్రెండు దెబ్బలు సఫలము చేసినవానిని మేటి యందురు. పది చేసినవానిని సామాన్యుడందురు. ఆ రెండు దెబ్బల భేదము ఒక గాలివాటమున రావచ్చును, పోవచ్చును.

నా శిష్యుడు ఇదంతయు కాగితముపై లెక్కవేసి చూపుచుండగా నా మనస్సు మఱియొకచోటికి పోయినది. అతని తరగతిలోనే, చాల సంవత్సరముల క్రిందట, ఇంకొక బాలుడుండెడివాడు. ఎనిమిదవ తరగతికి జూన్ మాసమున కొత్తగా వచ్చినాడు. త్రైమాసిక పరీక్షలో లెక్కలలో వానికి వచ్చినవి పదునొకండు మార్కులు. పువ్వు పుట్టగనే పరిమళించునను సామెతను పట్టుకొని, “వీనికి చదువు అబ్బదు” అని నేను వాని తండ్రితో అంటిని. ఆ తండ్రి నా మాటకు తలయూపి, నమస్కరించి పోయినాడు. దసరా సెలవుల తరువాత ఆ బాలుడు బడికి రాలేదు.

వాని పేరు చెప్పి, ఇపుడెక్కడ నున్నాడని అడిగితిని.

“వాడా అయ్యవారూ! మామిడి మండీలో లెక్కలు చూస్తాడు. కాగితం ముట్టడు. ఎన్ని టన్నులు, ఏ ధర, కమీషనెంత, అన్నీ నోటితోనే కట్టేస్తాడు” అని అతడు సంతోషముగా చెప్పినాడు. నాకు సంతోషము కలుగలేదు.

మామిడి తోటలు గల మన జిల్లాలలో పూచిన పూతంతయు కాయగా నిలువదని పసివానికిని తెలియును. పూత పలుచనైనదని చెట్టును నఱకువాడును లేడు. తోటలో తెలిసిన ఈ వివేకము తరగతి గదిలో నాకేల లోపించెనో నేటికిని తెలియదు. ఆ బాలునకు పరీక్ష పెట్టుట తప్పు కాదు. మార్కులు పదునొకండే యనుటయు తప్పు కాదు. ఆ యొక్క ఫలితమునకు సంవత్సరపు తీర్పునంతటిని అంటగట్టుటయే తప్పు. వాడు అంతకుముందు ఏ బడిలో చదివెనో, ఆ లెక్కలు వానికెవరైన నేర్పిరో లేదో నేను విచారింపలేదు. ఓరియోల్స్ జట్టు విషయమున అభిమానులు పాత చరిత్రను చూతురు. నేను అదియు చూడనైతిని.

జూన్‌లో బడులు తెఱచుచున్నవి. మొదటి పరీక్షల మార్కులు వచ్చినంతనే ప్రతి ఉపాధ్యాయుని మనస్సులోను ఒక పట్టిక సిద్ధమగును. ఆ పట్టికను వ్రాయవద్దని నేననను. సిరాతో వ్రాయవద్దని మాత్రము వేడుదును. విద్యార్థులును మొదటి పరీక్షలో తప్పినంత మాత్రమున తమ పేరు తామే కొట్టివేసికొనరాదు.

హన్షిన్ జట్టు తొమ్మిది ఆటలు ఓడిననాడు దానికి ఇంకను 134 ఆటలు మిగిలియుండెను. ఎవరేమనుకొన్నను ఆ ఆటలను దానినుండి తీసివేయువారు లేరు. ఆ బాలునకు మిగిలియున్న ఆటలను నేను తీసివేసితిని.