బొమ్మ కారు, బళ్ళారి ఎండ, ఒక బ్యాటరీ

ఒక వేసవిలో మా మనవడి రిమోటు కారు బ్యాటరీ ఉబ్బింది. అలా ఇలా కాదు, నూనెలో వేసిన పూరీ పొంగినట్టు. అప్పుడది నడింట్లో పరుపు మీద ఛార్జింగులో ఉంది. ఎవరూ చూడకుండా ఇంకో అరగంట గడిచి ఉంటే ఏమయ్యేదోనని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సెలవులకు వచ్చే పిల్లలతోపాటు ఇలాంటి కార్లు మీ ఇళ్ళకూ వస్తుంటాయి కదా, అందుకే ఈ నాలుగు ముక్కలు.

పిల్లవాడికి రెండు కార్లున్నాయి. పాతదాని బ్యాటరీ నికెల్ రకం, మీద 7.2 వోల్టులని ఉంది. కొత్తదాని బ్యాటరీ లిథియం, 7.4 వోల్టులు. ప్లగ్గులు మాత్రం రెండింటికీ ఒకటే. కొత్త ఛార్జరు ఎక్కడ పెట్టాడో కనబడలేదు. "తాతా, పాతది పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. "పెట్టుకోరా, అర వోల్టు తేడా కూడా లేదు" అన్నాను. కాబట్టి తప్పు వాడిది కాదు, నాదే. కాసేపటికి వాళ్ళ జేజి "ఇదేంది, ఇట్ల ఉబ్బింది?" అని కేక వేసింది. స్విచ్చి ఆపి, దాన్ని నొక్కకుండా మట్టి మూకుడులోకి జరిపి, పెరట్లో ఇసుక మీద పెట్టాం.

లెక్క తర్వాత తెలిసింది. నికెల్ సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఆరు కలిస్తే 7.2. లిథియం సెల్లు 3.7, రెండు కలిస్తే 7.4. అంకెలు పక్కపక్కనే ఉన్నాయి గాని నడత వేరు. మామూలు లిథియం సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండిపోతుంది, అంటే జతకు 8.4. అక్కడితో ఆపాలి. నికెల్ ఛార్జరుకు ఆ హద్దు తెలియదు, ఆరు నికెల్ సెల్లులు ఛార్జి అవుతూ ఆ అంకె దాటడం దానికి మామూలే. పైగా లిథియం సెల్లులో ఉండే ద్రవం నిప్పంటుకునే రకం. ప్లగ్గు సరిపోయిందని ఛార్జరు సరిపోయినట్టు కాదు.

నికెల్ బ్యాటరీతో చిక్కు వేరు. చవక ఛార్జర్లు చాలావరకు తమంతట తాము ఆగవు. బ్యాటరీ మీద 700 ఎంఏహెచ్ అని, ఛార్జరు మీద 250 ఎంఏ అని ఉంటే, భాగిస్తే సుమారు మూడు గంటలు. కొంత వేడిగా వృథా అవుతుంది గనుక ఇంకో గంట కలుపుకోండి. రాత్రి పెట్టి పొద్దున తీసే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. గంటలు లెక్కపెట్టి ఆగే ఛార్జర్లూ ఉన్నాయి గాని, కరెంటు పోయి వచ్చిందంటే కొన్ని మళ్ళీ మొదటినుంచి లెక్క మొదలుపెడతాయి. మన కరెంటు సంగతి చెప్పాలా!

"పూర్తిగా అయిపోగొట్టి ఛార్జి పెట్టాలి" అనే మాట నికెల్-కాడ్మియం కాలంనాటిది. స్వీడన్‌లో యుంగ్నర్ 1899లో కనిపెట్టిన సెల్లది. 1991లో సోనీ బజారులోకి తెచ్చిన లిథియం-అయాన్‌కు ఆ సలహా పనికిరాదు, హాని కూడా. సెల్లు 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. కారు నీరసించిందంటే ఆట ఆపడమే. ఇది పిల్లలకు నచ్చజెప్పడం మాత్రం ఛార్జింగు కంటే కష్టం.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బళ్ళారిలో 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. 45 డిగ్రీలకు మించి వేడెక్కిన సెల్లును ఛార్జి చేయకూడదని సాధారణంగా తయారీదారులు చెబుతారు. మిద్దె మీద మధ్యాహ్నం పరుగెత్తిన కారులోని బ్యాటరీ ఆ వేడి అందుకోవడానికి ఎంతసేపు? చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. మేమిప్పుడు పొద్దున ఆరు గంటలకు, ఇంట్లో అందరూ లేచాక, కడప బండ మీద పెడుతున్నాం. పరుపులు, దుప్పట్లు దగ్గరికి రానివ్వం. సెలవులయ్యాక లిథియం బ్యాటరీని సగం ఛార్జితో, కారులోంచి విడదీసి, నీడపట్టున ఉంచుతాం. ఫ్రిజ్జులో పెట్టకండి, బయటికి తీస్తే చెమ్మ పడుతుంది.

ఉబ్బిన బ్యాటరీని గుచ్చి చూడవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదారులదే. కొన్న అంగడిలో ముందు అడగండి.

ఛార్జింగు ఎన్ని గంటలకు పెట్టాడో మా వాడు గోడ మీది క్యాలెండరులో పెన్సిలుతో రాస్తున్నాడు, పాల లెక్క పక్కనే. పోయిన నెలాఖరున వాళ్ళ జేజి రెండూ కలిపి కూడేసింది. పాలవాడు మాత్రం ఏమీ అభ్యంతరం చెప్పలేదు.