పైదానికీ కిందిదానికీ మధ్య తేడా ఏం చెబుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. బీపీ 160/70 వస్తోంది. ‘కిందిది బాగానే ఉందిగా, కంగారేం లేదు’ అంటారాయన. నిజమేనా? బీపీ అంకెలను బట్టి గుండె రక్తనాళాల సంగతి తెలుస్తుందా?

జవాబు: కొంతవరకు తెలుస్తుందండీ. కాకపోతే పైదీ కిందిదీ విడివిడిగా కాక, కలిపి చూడాలి. 160లోంచి 70 తీసేస్తే 90. ఈ తేడానే పల్స్ ప్రెషర్ అంటారు. మామూలుగా అది 40 దగ్గర్లో ఉంటుంది. పెద్ద వయసులో 60 దాటిందంటే గుండెజబ్బు ముప్పు పెరిగినట్టే లెక్క.

ఎందుకంటే, గుండె ముడుచుకుని రక్తాన్ని చిమ్మినప్పుడు బృహద్ధమని సాగి, అందులో కొంత తనలో పట్టి ఉంచుతుంది. గుండె వదులైనప్పుడు మళ్లీ దగ్గరకొచ్చి దాన్ని ముందుకు నెడుతుంది. వయసు, పొగతాగడం, షుగర్, ఏళ్ల తరబడి ఉన్న బీపీ ఆ గోడను బిరుసెక్కిస్తాయి. సాగదు కాబట్టి పైది పెరుగుతుంది. పట్టి ఉంచలేదు కాబట్టి కిందిది తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. గుండె ముడుచుకున్నప్పుడు దాని కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. అందుకే ఎడమ జఠరిక కండరానికి కరోనరీ ధమనుల ద్వారా రక్తం ఎక్కువగా అందేది గుండె వదులైన ఆ కాస్త సమయంలోనే. అప్పుడు రక్తాన్ని తోసేది కింది ప్రెషరే. మీ నాన్నగారి గుండె 160కి ఎదురొడ్డి పనిచేయాలి, అంటే దానికి రక్తం ఎక్కువ కావాలి. తోసే బలం చూస్తే తక్కువ. నాళాల్లో కొవ్వు పేరుకుని ఉంటే ఈ లోటు ఇంకా గట్టిగా తగులుతుంది.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో 1948లో 5,209 మందితో మొదలైన అధ్యయనం ఇదే చూపింది. ఆ వివరాలతో 1999లో వచ్చిన విశ్లేషణలో, 50 దాటినవాళ్లలో పైది ఒకేలా ఉన్నా కిందిది తక్కువున్నవారికే కరోనరీ జబ్బు ముప్పు ఎక్కువని తేలింది.

అలాగని ఈ తేడా బ్లాకులను పట్టిచ్చేది కాదు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం, గుండె కవాటం లీకవడం వల్ల కూడా అది పెరుగుతుంది. ‘కిందిది ఇంకా పడిపోతుందేమో’ అని బీపీ మాత్రలు సొంతంగా మానేయడం మాత్రం చాలా ప్రమాదం. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా అన్నది గమనించి డాక్టరుగారికి చెప్పండి.

అంకె నమ్మదగ్గదిగా రావాలంటే కొలత సరిగ్గా ఉండాలి. చాలా ఇళ్లలో మెట్లెక్కి వచ్చిన మనిషిని అలాగే కూర్చోబెట్టి, చొక్కా మీదే పట్టీ చుట్టి, కబుర్లు చెబుతూ మెషిన్ నొక్కుతారు. అలా కాదు. కాఫీ తాగి అరగంట దాటాలి. వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చేతికి చిన్నదైన పట్టీ బీపీని లేనంత ఎక్కువ చూపిస్తుంది. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసుకోండి.

ఆసుపత్రిలో అడిగితే కాలి చీలమండ దగ్గరా కొలుస్తారు. అక్కడి పై ప్రెషర్‌ని చేతి పై ప్రెషర్‌తో భాగిస్తే 0.9 కన్నా తక్కువొస్తే కాలి ధమనులు ఇరుకైనట్టు. అలాంటివారిలో గుండె ధమనులూ దెబ్బతిని ఉండడం తరచూ కనిపిస్తుంది. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గేవారికి ఇది తప్పకుండా చేయించాలి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు ఉంటే మెషిన్ ముందు కూర్చోవద్దు. బీపీ మామూలుగా ఉన్నా గుండెపోటు రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకెళ్లండి.