అచ్చు అక్షరాల నుండి వెబ్ కాంపొనెంట్ల వరకు

సూళ్లూరుపేట నుండి, తిరుత్తణి నుండి తెల్లవారుజామున లోకల్ రైలెక్కి చెన్నై చేరే యువతీయువకులలో సాఫ్ట్‌వేర్ కొలువులు చేసేవారును ఉన్నారు. అక్కడ చేసే పని ఏమిటని ఇంటి పెద్దలు అడిగితే, "కంప్యూటర్ పని" అనే ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి. ఆ పనిలో సరిహద్దు కుటుంబాలకు నేరుగా అక్కరకు రాగల భాగం ఒకటి ఉన్నది. అదే వెబ్ కాంపొనెంట్ల కూర్పు. అర్థం చేసుకొనడానికి అది కష్టమైనదేమీ కాదు. ఒకనాటి మద్రాసు అచ్చుకూటాన్ని తలచుకుంటే చాలును.

1854లో వావిళ్ల వారి ముద్రణాలయం మద్రాసులోనే వెలసింది. బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో అక్కడికే తరలివచ్చింది. 1947 జూలైలో చందమామ మొదటి సంచిక వెలువడినదీ ఆ నగరం నుండే. ఆ కాలపు అచ్చుకూటాలలో కంపోజిటర్ ముందు గళ్ల పెట్టె ఉండేది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సీసపు అక్షరం. వత్తులకు వేరే గళ్లు. అక్షరాన్ని ఒకసారి పోత పోస్తే దానిని ఎన్ని పుటలకైనా వాడుకొనవచ్చును. పుట అచ్చయిన పిదప విడదీసి, మరల ఏ గడిలోనిది ఆ గడిలో వేసేవారు. ఏ అక్షరాన్నీ ఎవరూ ప్రతిసారీ కొత్తగా చెక్కుకొనలేదు.

తెరపై కనిపించే పుటకు సంబంధించి కూడ ఇదే ఆలోచన వచ్చింది. శీర్షిక, పేరా, బటన్ వంటి కొన్ని ట్యాగులు మాత్రమే బ్రౌజర్‌కు పుట్టుకతో తెలుసు. తేదీలు ఎంచుకొనే పంచాంగపు పెట్టె, నొక్కితే విచ్చుకొనే వరుస, పక్కపక్కన ఉండే ట్యాబ్‌లు కావాలంటే ప్రతివారూ మొదటి నుండి రాసుకొనవలసి వచ్చేది. ఈ ఇబ్బందికి విరుగుడుగా 2011లో వెబ్ కాంపొనెంట్ల ప్రతిపాదన వెలుగులోకి వచ్చింది. నేటి రూపంలో దానిని 2016లో క్రోమ్, 2017లో సఫారీ, 2018లో ఫైర్‌ఫాక్స్, 2020 జనవరిలో ఎడ్జ్ స్వీకరించాయి. దీనితో ఎవరైనా తమ సొంత ట్యాగును తయారు చేసి, దానికి పేరు పెట్టుకొనవచ్చును. ఆ పేరులో ఒక అడ్డుగీత ఉండి తీరాలన్నదే నియమం. బ్రౌజర్‌కు చెందిన పేర్లతో కలగాపులగం కాకుండ ఈ ఏర్పాటు.

ఇట్టి కాంపొనెంట్లను గళ్ల పెట్టెలో వలె ఒకచోట చేర్చినదే లైబ్రరీ. చెన్నైలో పుట్టిన లైబ్రరీ ఒకటి ఉన్నది. 2010లో ఫ్రెష్‌డెస్క్ పేరుతో గిరీశ్ మాతృభూతం, షాన్ కృష్ణసామి ఆ నగరంలో స్థాపించిన సంస్థ 2017లో ఫ్రెష్‌వర్క్స్ అయినది. 2021 సెప్టెంబరులో అమెరికా నాస్‌డాక్ మార్కెట్‌లో నమోదైనది. తన సాఫ్ట్‌వేర్‌కు అనుబంధంగా ఇతరులు చేసే చిన్న ప్రోగ్రాములన్నీ చూపులకు ఒకే తీరుగా ఉండాలని ఈ సంస్థ 'క్రేయాన్స్' అనే లైబ్రరీని బహిరంగంగా వెలువరించింది. ఇందులోని ట్యాగులన్నిటికీ ఎఫ్, డబ్ల్యు అనే రెండక్షరాలు, ఒక అడ్డుగీత ఇంటిపేరు వలె ముందుంటాయి. ఆపైన బటన్, ఇన్‌పుట్, టాగుల్ వంటి పేరు వస్తుంది. స్టెన్సిల్ అనే పనిముట్టుతో దీనిని నిర్మించారు.

తయారైన వస్తువును మన అవసరానికి మలచుకొనడం ఎట్లు అన్నది అసలు ప్రశ్న. కాంపొనెంట్ చుట్టూ ఒక ప్రహరీ ఉంటుంది. పుటలో రాసిన అలంకరణ నియమాలు సాధారణంగా ఆ గోడ దాటి లోనికి పోలేవు. లోపలివి వెలుపలికి రావు. ఒకరి పని మరొకరి పనిని చెడగొట్టకుండ ఇది కాపాడుతుంది. అయితే గోడకు ద్వారాలు ఉన్నాయి. మొదటిది స్లాట్, అనగా మన రాత ఉంచుకొనడానికి విడిచిన ఖాళీ చోటు. రెండవది తయారీదారు పేరు పెట్టి బయట ఉంచిన కొలతలు: రంగు, అంచు, ఎడము వంటివి. రెండు అడ్డుగీతలతో మొదలయ్యే ఆ పేర్లకు మనం కొత్త విలువ ఇస్తే లోపలి రూపం మారుతుంది. ఇవి గాక, ఫాంటు, అక్షరాల రంగు, పంక్తి ఎత్తు వంటివి లోపల వేరే నియమం లేనప్పుడు వారసత్వంగా వాటంతటవే లోనికి దిగుతాయి.

తెలుగువారికి చిక్కు వచ్చేది ఇక్కడనే. ఆంగ్ల అక్షరాల ఎత్తును బట్టి కొలిచిన బటన్‌లో "లక్ష్మి" అని రాస్తే పైన గుడి, కింద వత్తు రెండూ చోటు కోసం పెనుగులాడతాయి. పెట్టె ఎత్తును బిగించి, మించినది కనబడకుండ చేసి ఉంటే "రాష్ట్రం"లోని అడుగు వత్తు తెగిపోతుంది. వత్తు తెగిన తెలుగు చదువరికి పరాయిదిగా తోస్తుంది. వత్తులకు వేరే గళ్లు పెట్టిన నాటి కంపోజిటర్ ఈ సంగతి ఎరుగును. నేటి లైబ్రరీలు చేసేవారికి ఎవరో ఒకరు చెప్పాలి. ఎత్తును మార్చుకొనే ద్వారం తయారీదారు విడువకపోతే, గోడ వెలుపల ఎంత రాసినా ప్రయోజనం స్వల్పం. కనుక తెలుగు రాతను వీలైనంత వరకు స్లాట్‌లోనే ఉంచడం మేలు. అక్కడి అక్షరాలు మన పుటకు చెందినవే గావున మన ఫాంటు, మన పంక్తి ఎత్తు వాటికి వర్తిస్తాయి. పంక్తి ఎత్తు అక్షరానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండ ఉంటే తెలుగు ఊపిరి పీల్చుకుంటుంది. పెట్టె లోపల తయారీదారు రాసిన "రద్దు", "సరే" వంటి మాటలు ఆంగ్లంలోనే బిగిసి ఉన్నాయా, మార్చుకొనవచ్చునా అన్నది కూడ ముందే చూసుకొనవలసినది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరిన నాటి నుండి అనేక కుటుంబాలలో ఒక దాయాది ఇటు, ఒక దాయాది అటు ఉన్నారు. 2006లో తమిళనాడు పాఠశాలలలో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చిన పిదప, ఇంట తెలుగు మాటాడుతూ తమిళ లిపి మాత్రమే చదవగల పిల్లలు అటువైపు ఉన్నారు. అవ్వకు పెద్ద తెలుగు అక్షరాలు కావాలి. మనుమరాలికి అదే తెలుగు తమిళ లిపిలో కావాలి. ఇంటి వంశవృక్షం, ఊరి జాతర తేదీ, బస్సు వేళలు ఉన్న ఒక పుటకు రెండు ట్యాబ్‌లు, అక్షరాల పరిమాణం మార్చే ఒక టాగుల్ అమర్చితే ఇద్దరికీ అదే పుట సరిపోతుంది. ఇట్టి పని చేయడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కరలేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కొద్దిపాటి జావాస్క్రిప్ట్ వస్తే చాలును.

రాత యూనికోడ్‌లో ఉండడం ముఖ్యం. 2000 దశకంలో పలు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లపై నడిచేవి; ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనబడేవి. ఆ అవస్థ మరల తెచ్చుకొనరాదు.

పల్లెలో సిగ్నల్ మందగించి లైబ్రరీ ఫోన్‌కు చేరకపోతే ఏమగునని సందేహం కలుగవచ్చును. తనకు తెలియని ట్యాగును చూసిన బ్రౌజర్ దానిలోని రాతను మామూలు అక్షరాలుగా చూపుతుంది. ట్యాబ్‌లు ఉండవు, రంగులు ఉండవు, కాని స్లాట్‌లో రాసిన బస్సు వేళలు చదవడానికి ఉంటాయి. ట్యాగు గుణాలలో కుక్కిన మాటలు మాత్రం కనబడవు. పుట సిద్ధమైన పిమ్మట "లక్ష్మి", "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" అనే మూడు మాటలను ప్రతి పెట్టెలో రాసి, చెన్నైలోని పెద్ద తెరపై గాక, ఇంటి పెద్దల చేతిలోని చిన్న ఫోన్‌లో చూడవలెను.